సత్యాన్వేషి పేటన్ రౌస్

ఒక కొత్త విషయాన్ని కనిపెట్టడం ఒక ఎత్తు. దానిని లోకం చేత ఒప్పించడం మరొక ఎత్తు. కొందరు శాస్త్రజ్ఞుల కృషికి వెంటనే గుర్తింపు లభించింది. మరికొందరు ఉపేక్షను భరిస్తూ దశాబ్దాల తరబడి వేచి ఉండవలసి వచ్చింది. ఈ రెండవ కోవకు చెందినవాడు పేటన్ రౌస్. కోళ్ళలో వచ్చే ఒక రకం కాన్సర్‌ను వైరస్ కలిగిస్తుందని తెలిపే ప్రయోగాన్ని ఆయన 1911లో ప్రకటించాడు. ఆ పనికి నోబెల్ బహుమతి 1966లో లభించింది. నడుమ గడిచిన కాలం 55 సంవత్సరాలు. ఆ వైరస్ కణం లోపల ఏం చేస్తుందో తెలిసేనాటికి ఆయన జీవించి లేడు.

రౌస్ 1879 అక్టోబరు 5వ తేదీన అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో జన్మించాడు. తండ్రి చార్లెస్ రౌస్ ధాన్యం ఎగుమతి చేసే వ్యాపారి. తల్లి ఫ్రాన్సిస్ ఆండర్సన్ వుడ్. రౌస్ చిన్నతనంలోనే తండ్రి మరణించాడు. ముగ్గురు పిల్లల భారం తల్లిపై పడింది. ఆమె బంధువులు దూరాన టెక్సాస్ రాష్ట్రంలో ఉన్నారు. అక్కడికి వెళ్ళిపోతే వారి అండ ఉండేది. కాని పిల్లలకు మంచి చదువు బాల్టిమోర్‌లోనే లభిస్తుందని భావించి, చాలీచాలని రాబడితోనే ఆమె అక్కడ ఉండిపోయింది. తల్లి తీసుకున్న ఆ నిర్ణయమే రౌస్ జీవితానికి బాట వేసింది.

రౌస్‌కు బాల్యం నుండి ప్రకృతి అంటే మక్కువ. చుట్టుపక్కల పూసే పూలను శ్రద్ధగా పరిశీలించేవాడు. విద్యార్థిగా ఉన్న రోజులలోనే ఆ పూలను గురించి బాల్టిమోర్‌లోని ఒక దినపత్రికకు నెలనెలా వ్యాసాలు వ్రాశాడు. కంటితో చూసినదానిని ఉన్నది ఉన్నట్లు వ్రాసే అలవాటు ఆయనకు అప్పుడే అబ్బింది. 1900లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం నుండి పట్టభద్రుడై, అక్కడే వైద్య విద్యలో చేరాడు.

వైద్య విద్యార్థిగా ఉండగా ఆయనకు పెద్ద ఆపద వచ్చింది. ఒకనాడు శవపరీక్ష చేస్తుండగా క్షయవ్యాధి సోకిన ఎముక గీరుకుని వేలికి గాయమయింది. ఆ గాయం ద్వారా క్షయ ఆయన శరీరంలో ప్రవేశించింది. చంకలో గడ్డ కట్టింది. శస్త్రచికిత్స చేసి దానిని తీసివేశారు. ఆ రోజులలో క్షయకు మందు లేదు. విశ్రాంతి, స్వచ్ఛమైన గాలి మాత్రమే చికిత్స. చదువు ఆపి ఆయన టెక్సాస్‌లోని బంధువుల పశువుల క్షేత్రానికి వెళ్ళాడు. ఏడాది పాటు గుర్రమెక్కి పశువులను కాశాడు. ఆరుబయట నేలమీద నిద్రించాడు. ఆరోగ్యం కుదుటపడిన తరువాత తిరిగి వచ్చి, 1905లో వైద్య పట్టం అందుకున్నాడు.

రోగులకు చికిత్స చేయడం కంటె రోగాల మూలాన్ని వెదకడమే తనకు తగిన పని అని ఆయనకు తోచింది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో రోగనిర్ణయ శాస్త్ర విభాగంలో చేరాడు. అక్కడి ఆచార్యుడు ఆల్‌ఫ్రెడ్ వార్తిన్ ఈ యువకునిలోని పట్టుదలను గుర్తించి ప్రోత్సహించాడు. ఆయన తోడ్పాటుతో రౌస్ జర్మనీలోని డ్రెస్డెన్ నగరానికి వెళ్ళి కొంతకాలం అధ్యయనం చేశాడు. 1909లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ వైద్య పరిశోధన సంస్థలో చేరాడు. ఆ సంస్థకు సంచాలకుడైన సైమన్ ఫ్లెక్స్‌నర్ కాన్సర్ పరిశోధన బాధ్యతను ఆయనకు అప్పగించాడు. అప్పటికి రౌస్‌కు ముప్పయి ఏళ్ళు కూడా నిండలేదు.

ఆ సంవత్సరమే ఒక కోళ్ళ పెంపకందారు ఒక పెట్టను ఆ సంస్థకు తీసుకువచ్చాడు. అది ప్లిమత్ రాక్ జాతి పెట్ట. ఈకలమీద నలుపు, తెలుపు చారలు ఉన్నాయి. దాని రొమ్ముమీద పెద్ద కణితి లేచింది. రౌస్ ఆ కణితి నుండి చిన్న ముక్కలు తీసి, అదే మందకు చెందిన ఇతర కోళ్ళ శరీరాలలో నాటాడు. కొన్నింటిలో కణితి మళ్ళీ పెరిగింది. అలా ఒక కోడి నుండి మరొక కోడికి మార్చుకుంటూ ఆయన ఆ కణితిని కాపాడాడు. మొదట దగ్గరి సంబంధం గల కోళ్ళలో మాత్రమే పెరిగిన కణితి, కొంతకాలానికి ఇతర కోళ్ళలోను పెరగసాగింది. ఊపిరితిత్తుల వంటి ఇతర అవయవాలకు కూడా వ్యాపించింది. అది నిజమైన కాన్సరేనని సూక్ష్మదర్శిని కింద స్పష్టమయింది.

ఇంతవరకు ఇతరులు ఎలుకల కణితులతో చేసిన ప్రయోగాలవంటిదే. రౌస్ ఇక్కడ ఒక అడుగు ముందుకు వేశాడు. కణితిని ఇసుకతో కలిపి మెత్తగా నూరాడు. దానిని ఉప్పు నీటిలో కలిపి, బరువైన తుక్కు అడుగుకు దిగేటట్లు వేగంగా తిప్పాడు. పైన తేరిన ద్రవాన్ని అతి సన్నని రంధ్రాలు గల వడపోత గొట్టం గుండా పంపాడు. జల్లెడలో పిండి దిగి తవుడు మిగిలినట్లు, ఆ గొట్టం కణాలను, బాక్టీరియాను పైననే ఆపివేస్తుంది. కిందకు దిగిన ద్రవంలో ఒక్క కాన్సర్ కణం కూడా ఉండదు. ఆ ద్రవాన్ని ఆరోగ్యంగా ఉన్న కోళ్ళకు సూదితో ఎక్కించాడు. కొన్ని వారాలకు వాటిలోను అదే రకం కణితి లేచింది.

దీని అర్థమేమిటి? కణాలు దాటలేని రంధ్రాలను దాటి వచ్చినది ఏదో ఉన్నది. అది బాక్టీరియా కంటె చిన్నది. అదే ఆరోగ్యకరమైన కణాన్ని కాన్సర్ కణంగా మారుస్తున్నది. రౌస్ 1911లో ఈ ఫలితాలను ప్రకటించాడు. ఆయన జాగ్రత్త ఎంతటిదంటే, దానిని వైరస్ అని తొందరపడి పిలవలేదు. కణితి కణాల నుండి వేరు చేయదగిన ఒక కారకం అని మాత్రమే వ్రాశాడు. అంతకు మూడేళ్ళ ముందు, 1908లో, డెన్మార్కు శాస్త్రజ్ఞులు ఎల్లెర్‌మన్, బాంగ్ కోళ్ళ రక్త కాన్సర్‌ను ఇలాగే వడపోసిన ద్రవంతో కలిగించారు. కాని ఆనాడు రక్త కాన్సర్‌ను కాన్సర్‌గా లెక్కించేవారు కాదు. అందువల్ల ఆ పని కూడా మరుగున పడింది.

రౌస్ చెప్పినదానిని పండితలోకం నమ్మలేదు. వడపోత గొట్టానికి ఎక్కడో పగులు ఉండి ఉంటుందని కొందరు అన్నారు. అది కణితే గాని కాన్సర్ కాదని మరికొందరు అన్నారు. కోళ్ళలో నిజమైనా క్షీరదాలకు అది వర్తించదని ఇంకొందరు తోసిపుచ్చారు. రౌస్ వాదానికి దిగలేదు. కోళ్ళలో మరికొన్ని కణితులను సేకరించి, అవి కూడా అటువంటి కారకాల వల్లనే వస్తున్నాయని చూపాడు. ఎలుకల కణితులలోను అటువంటి కారకాన్ని పట్టుకోవాలని శ్రమించాడు. ఎంత ప్రయత్నించినా దొరకలేదు. చివరకు 1915 ప్రాంతంలో ఆ పనిని పక్కన పెట్టాడు. తాను చూసినది అబద్ధమని ఆయన ఎన్నడూ అనలేదు. ఇక ముందుకు సాగడానికి దారి మాత్రం కనబడలేదు.

ఆయన చేతులు ముడుచుకుని కూర్చోలేదు. అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం సాగుతున్నది. గాయపడిన సైనికులకు రక్తం కావాలి. శరీరం వెలుపలికి వచ్చిన రక్తం త్వరలోనే గడ్డకట్టి, పాడైపోయేది. రౌస్, ఆయన సహచరుడు టర్నర్ కలిసి సిట్రేట్ లవణాన్ని, గ్లూకోజును చేర్చి రక్తాన్ని కొన్ని వారాలు నిలవ ఉంచే పద్ధతిని 1916లో వెల్లడించారు. ఆ ప్రయోగశాలలోనే పనిచేసిన ఆస్వాల్డ్ రాబర్ట్‌సన్ 1917లో యుద్ధభూమి సమీపంలో నిలవ రక్తాన్ని సైనికులకు ఎక్కించాడు. నేడు ఊరూరా కనిపించే రక్తనిధులకు నాంది అదే. తరువాత రౌస్ కాలేయాన్ని, పిత్తాశయాన్ని గురించి పరిశోధనలు చేశాడు. ఒక ప్రసిద్ధ వైద్య పరిశోధన పత్రికకు దాదాపు అర్ధశతాబ్ది పాటు సంపాదకత్వం వహించాడు. ఇతరుల వ్యాసాలలోని ప్రతి వాక్యాన్ని శ్రద్ధగా దిద్దేవాడు. 1915లో మారియన్ డికేను వివాహమాడాడు. వారికి ముగ్గురు కుమార్తెలు. వారిలో ఒకరి భర్త ఆలన్ హాడ్జ్‌కిన్ 1963లో, అంటే మామగారి కంటె మూడేళ్ళు ముందుగా, నోబెల్ బహుమతి అందుకున్నాడు.

రౌస్ పేరు 1926లోనే నోబెల్ బహుమతికి సూచింపబడింది. కాని ఆ సంవత్సరపు బహుమతి డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఫిబిగర్‌కు దక్కింది. ఎలుకల కడుపులో ఒక రకం పురుగు కాన్సర్ కలిగిస్తుందని ఆయన చెప్పాడు. అది సరికాదని తరువాత తేలింది. ఆ పిమ్మట కాన్సర్ పరిశోధనకు నోబెల్ బహుమతి ఇవ్వడానికి నలభై ఏళ్ళు పట్టింది. నిజం చెప్పినవాడు ఆ నలభై ఏళ్ళూ వేచి ఉన్నాడు.

1933లో రౌస్ మిత్రుడు రిచర్డ్ షోప్ అమెరికాలోని అడవి కుందేళ్ళ చర్మంపై లేచే పులిపిరులకు వైరస్ కారణమని కనిపెట్టాడు. తాను కనిపెట్టిన వైరస్‌ను ఉదారంగా రౌస్‌కు అందించాడు. రౌస్ ఇరవై ఏళ్ళ తరువాత మళ్ళీ తన పాత అన్వేషణకు వచ్చాడు. ఆ పులిపిరులు కొన్ని కాలక్రమాన కాన్సర్‌గా మారుతాయని ఆయన, ఆయన సహచరులు నిరూపించారు. క్షీరదాలలోను వైరస్ కాన్సర్‌కు కారణం కావచ్చునని దీనితో తేలింది. కాన్సర్ ఒక్కసారిగా పుట్టదని, మొదట కణంలో బీజం పడుతుందని, తరువాత మరేదో ప్రేరేపణ వల్ల అది పెరుగుతుందని కూడా ఆయన చూపాడు.

1945లో రౌస్ పదవీ విరమణ చేశాడు. అయినా ప్రయోగశాలకు వెళ్ళడం మానలేదు. 1966లో, 87 సంవత్సరాల వయస్సులో, చార్లెస్ హగ్గిన్స్‌తో కలిసి నోబెల్ బహుమతి స్వీకరించాడు. 1970 ఫిబ్రవరి 16వ తేదీన న్యూయార్కులో కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయస్సు 90 సంవత్సరాలు.

వైరస్ కాన్సర్‌ను ఎలా కలిగిస్తుందనే ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. దానికి సమాధానం ఆయన గతించిన పదేళ్ళలో దొరికింది. రౌస్ వైరస్‌లో నాలుగు జన్యువులు ఉన్నాయి. మూడు దాని సంతతిని పెంచుకోవడానికి కావలసినవి. నాలుగవది వైరస్‌కు అవసరమే లేదు. కణాన్ని కాన్సర్ కణంగా మార్చేది అదే. దానికి సార్క్ అని పేరు పెట్టారు. 1976లో కాలిఫోర్నియాలో బిషప్, వార్మస్, స్టెహలిన్, వోగ్ట్ ఆశ్చర్యకరమైన సంగతి వెల్లడించారు. ఈ జన్యువు వైరస్ సొంత ఆస్తి కాదు. ఆరోగ్యంగా ఉన్న కోడి కణాలలోనే దాని మూలం ఉన్నది. బాతులోను ఉన్నది. మనిషిలోను ఉన్నదని తరువాత తేలింది. వైరస్ పూర్వం ఎప్పుడో కోడి నుండి దానిని తీసుకుని, మార్చివేసి, తిరిగి కోడికే అంటగట్టింది. ఈ పరిశోధనకు బిషప్, వార్మస్‌లకు 1989లో నోబెల్ బహుమతి లభించింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. సొంత జన్యువులలో వచ్చే మార్పు వల్ల కాన్సర్ పుడుతుందనే సిద్ధాంతాన్ని రౌస్ చివరివరకు ఒప్పుకోలేదు. నోబెల్ ప్రసంగంలో కూడా దానిని ఖండించాడు. కాని ఆయన కనిపెట్టిన వైరసే ఆ సిద్ధాంతానికి బలమైన సాక్ష్యమయింది. ఆయన అభిప్రాయం నిలవలేదు. ఆయన ప్రయోగం నిలిచింది.

సార్క్ జన్యువు చేయించే పని ఏమిటి? అది కణంలో ఒక మాంసకృత్తును తయారు చేయిస్తుంది. ఆ మాంసకృత్తు ఇతర మాంసకృత్తులకు ఫాస్ఫేట్‌ను అతికిస్తుందని 1978లో కోలెట్, ఎరిక్‌సన్ కనుగొన్నారు. ఫాస్ఫేట్ అంటే భాస్వరం, ఆక్సిజన్ కలిసిన చిన్న ముక్క. దానిని మాంసకృత్తుకు అతికించడాన్ని ఫాస్ఫారిలేషన్ అంటారు. ఆ ముక్క అతికితే మాంసకృత్తు రూపం మారుతుంది. రూపం మారితే పని మారుతుంది. కణం ఎప్పుడు పెరగాలి, ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు రెండుగా చీలాలి అనే ఆజ్ఞలు చాలావరకు ఈ విధంగానే ఒక మాంసకృత్తు నుండి మరొకదానికి చేరుతాయి.

ఈ ఫాస్ఫేట్ ముక్కను అందించేది ఏ.టి.పి. అనే పదార్థం. దీనితో మన తెలుగువాని పేరు ముడిపడి ఉన్నది. భీమవరంలో జన్మించి అమెరికా వెళ్ళిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో శరీరద్రవాలలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించాడు. 1929లో వారిద్దరు కండరాలలో ఏ.టి.పి.ని గుర్తించారు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ కూడా విడిగా దానిని కనుగొన్నాడు.

మాంసకృత్తులు అమైనో ఆమ్లాలతో అల్లిన గొలుసులు. సాధారణంగా ఫాస్ఫేట్ సెరీన్, థ్రియొనీన్ అనే అమైనో ఆమ్లాలకు అతుకుతుందని అప్పటివరకు తెలుసు. 1979లో కాలిఫోర్నియాలోని సాక్ సంస్థలో టోనీ హంటర్ మరొక కాన్సర్ వైరస్ మాంసకృత్తును పరీక్షిస్తున్నాడు. ఆయన వాడిన ద్రావణం కొత్తగా కలిపినది కాదు. దాని ఆమ్లగుణం కొద్దిగా మారింది. అందువల్ల ఎప్పుడూ ఒకే మచ్చగా కలిసిపోయేవి రెండుగా విడివడ్డాయి. ఆ రెండవ మచ్చ ఫాస్ఫేట్ అతికిన టైరోసీన్ అనే అమైనో ఆమ్లం. మరుసటి సంవత్సరం హంటర్, సెఫ్టన్ సార్క్ మాంసకృత్తు కూడా టైరోసీన్‌కే ఫాస్ఫేట్‌ను అతికిస్తుందని చూపారు. మామూలు కణంలో టైరోసీన్‌కు అతికిన ఫాస్ఫేట్ అత్యల్పం. రౌస్ వైరస్ సోకిన కణంలో అది సుమారు పది రెట్లు పెరిగింది.

సార్క్ మాంసకృత్తు మీద కూడా ఫాస్ఫేట్ అతుకుతుంది. ఆరోగ్యకరమైన కణంలో దాని తోక దగ్గర ఒక టైరోసీన్ ఉంటుంది. దానికి ఫాస్ఫేట్ అతికితే తోక లోపలికి మడుచుకుని, తలుపుకు గడియ వేసినట్లు పని ఆగిపోతుంది. అవసరమైనప్పుడు ఆ ఫాస్ఫేట్ తొలగి గడియ తీయబడుతుంది. నడుమ ఉన్న మరొక టైరోసీన్‌కు ఫాస్ఫేట్ అతికితే పని జోరందుకుంటుంది. ఒకచోట అతికితే ఆపేది, మరొకచోట అతికితే నడిపేది అదే ఫాస్ఫేట్. వైరస్‌లోని సార్క్‌కు ఆ గడియ పడే తోక భాగం లేదు. తలుపు ఎల్లప్పుడూ తెరిచే ఉంటుంది. అది ఆగకుండా ఎన్నో మాంసకృత్తులకు ఫాస్ఫేట్ అతికిస్తూ పోతుంది. కణం తన ఆకారం కోల్పోతుంది. పొరుగు కణాలతో పట్టు వదులుతుంది. ఆగమనే ఆజ్ఞ అందక విభజన చెందుతూనే ఉంటుంది. రౌస్ చూసిన కణితి ఈ విధంగా ఏర్పడినది.

ఈ జ్ఞానం పుస్తకాలలోనే ఉండిపోలేదు. ఒక రకం దీర్ఘకాలిక రక్త కాన్సర్‌లో కూడా టైరోసీన్‌కు ఫాస్ఫేట్ అతికించే మాంసకృత్తు ఒకటి అదుపు తప్పుతుంది. ఆ జన్యువు జాడ మొదట ఎలుకల కాన్సర్ వైరస్‌లో దొరికింది. ఆ మాంసకృత్తును పని చేయకుండా అడ్డుకునే ఇమాటినిబ్ అనే మందు వాడకానికి 2001లో అమెరికాలో అనుమతి లభించింది. ఒకనాడు ఆశ వదులుకున్న రోగులు ఎందరో దానివల్ల ఏళ్ళ తరబడి జీవిస్తున్నారు.

కోళ్ళలోని రౌస్ వైరస్ మనుషులకు కాన్సర్ కలిగించదు. కాన్సర్ రోగిని తాకితే కాన్సర్ అంటుకోదు. అటువంటి భయంతో రోగులను దూరం పెట్టడం తప్పు. అయితే మనుషులలో కొన్ని కాన్సర్లకు వైరస్‌లు కారణమన్నది నిజం. హెపటైటిస్ బి వైరస్ వల్ల కాలేయ కాన్సర్, పాపిల్లోమా వైరస్ వల్ల గర్భాశయ ముఖ కాన్సర్ రావచ్చు. ఈ రెండు వైరస్‌లకు టీకాలు ఉన్నాయి. సకాలంలో టీకా వేయించుకుంటే ఆ ముప్పును చాలావరకు తప్పించుకోవచ్చు.

వైరస్ కాన్సర్‌ను కలిగించగలదని ఆనాడు నమ్మినవారు కొద్దిమంది. నమ్మనివారికి రౌస్ ఇచ్చిన జవాబు మరొక ప్రయోగమే. దారి మూసుకుపోతే వేరొక మంచి పని చేశాడు. దారి తెరుచుకున్ననాడు వృద్ధాప్యాన్ని లెక్కచేయక తిరిగి వచ్చాడు. తాను చూసినదానిని ఉన్నది ఉన్నట్లు వ్రాసిపెట్టాడు గనుకనే, తరువాతి తరాలవారు అక్కడి నుండి ముందుకు నడవగలిగారు.